పన్నెండు కిలోమీటర్ల గుడ్డు

మా ఎనిమిదో అంతస్తులో రెండు వందల నలభై కుర్చీలున్నాయి. మెడకో దిండు, నడుముకో దిండు ఉన్న ఖరీదైన కుర్చీలు. వాటిలో ఒక్కటి కూడా సత్తెమ్మది కాదు. ఆమె పని వాటి చక్రాలకు చుట్టుకున్న వెంట్రుకలు పీకడం, వాటి కింద ఊడవడం, సాయంత్రం పోయే ముందు వాటిని తిన్నగా బల్లల కిందికి తోయడం. నాలుగేళ్లుగా అదే పని. ఆమె కుర్చీలో కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. పనివేళల్లో కూర్చోకూడదని ఊడ్చేవాళ్లకు రూలుందని కూడా నాకు చాలాకాలం తెలియదు. అలాంటి రూళ్లు కూర్చున్నవాళ్లకు ఎవరూ చెప్పరు.

సత్తెమ్మది జనగామ అవతల ఒక పల్లె. వయసు ఆధార్ కార్డు ప్రకారం నలభై తొమ్మిది, ఆమెనడిగితే "యాభై ఎప్పుడో దాటినయ్". భర్త కొమురయ్య కొత్తగూడలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. కార్లు పెట్టే చోట, మెట్ల కిందున్న గది వాళ్లిల్లు. ఊరినుంచి వచ్చేటప్పుడు రెండు పెట్టల్ని గంపలో పెట్టుకుని తెచ్చుకుందట. వారం తిరక్కుండానే వాటిలో ఒకటి ఎవరిదో తెల్లకారు మీద రెట్ట వేసింది. అపార్ట్‌మెంటు వాళ్లు మీటింగు పెట్టారు. కోడి రెట్ట గురించి పదిహేనుమంది చదువుకున్నవాళ్లు గంటసేపు మాట్లాడారని చెప్పి సత్తెమ్మ పడీపడీ నవ్వేది. ఆ ఆదివారమే రెండు పెట్టలూ కూరయ్యాయి. తను మాత్రం ముట్టలేదంది. అది కూడా నవ్వుతూనే అంది.

ఆమెకు కావలసింది ఒక్కటే, స్టూలు. మా అంతస్తు చివర టీ, కాఫీ మిషన్లుండే చిన్న గదిని ప్యాంట్రీ అంటాం. అక్కడ పనిచేసే రేణుక మిషన్లో పాలు పోస్తుంది, కప్పులు కడుగుతుంది, మిగతా వేళంతా ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటుంది. నీలం కోటు వేసుకున్న హౌస్‌కీపింగ్ వాళ్లలో కూర్చోనిచ్చేది ఆ ఒక్క పనిలోనే. రేణుక జూన్‌లో మానేస్తోంది. సత్తెమ్మ కుడి మోకాలు ఏడాదిగా వాచి ఉంది. మెట్టు దిగితే లోపల కంకర కదిలినట్టు చప్పుడవుతుందనేది.

"రేణుక జాగల నన్నేస్తే ఇంకో నాలుగేండ్లు ఎల్లదీస్త బిడ్డా. లేకుంటె ఈ కాలు నన్ను ఇంట్ల కూసోవెడ్తది."

ఆ పని ఎవరికివ్వాలో తేల్చేది వాళ్ల సూపర్‌వైజర్ లింగమూర్తి. అతను మా మాట వింటాడు, వాళ్ల మాట వినడు. ఒక ముక్క చెప్పమని ఆమె నన్నడిగింది. తప్పకుండా చెప్తానన్నాను. అది మార్చి నెల.

ఇక నా సంగతి. నా పేరు జ్యోత్స్న. రోజూ నిజాంపేట నుంచి గంటన్నర ఈడ్చుకుంటూ వచ్చి, ఆ దిండ్ల కుర్చీల్లో ఒకదాంట్లో కూలబడతాను. ఇన్సూరెన్సు కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఒకటి పడితే రెండు పుడతాయి. పదకొండేళ్లలో ఇది పూర్తి చేశాను అని చెప్పుకోదగ్గ పని ఒక్కటీ గుర్తుకు రాదు. అలసట అంటే పని ఎక్కువవడం అనుకునేదాన్ని. పని తెమలకపోవడం అని ఇక్కడికొచ్చాక తెలిసింది. అలా ఉన్న రోజుల్లో పక్క సీటు రోహిత్ నాకొక ఆట నేర్పాడు.

ఫోన్లో ఆడే ఆట. ఊళ్లో తిరుగుతుంటే అక్కడక్కడ గుడ్లు దొరుకుతాయి. మెట్రో స్టేషన్ల దగ్గర ఆకుపచ్చవి, చెరువుల దగ్గర నీలివి, గుళ్ల దగ్గరా దర్గాల దగ్గరా చుక్కలవి. ఏరుకొచ్చిన గుడ్లను ఫోన్లోనే ఒక గూట్లో పెట్టి నడవాలి. మన అడుగులు ఫోను లెక్కపెడుతుంది. కొన్ని గుడ్లకు రెండు కిలోమీటర్లు, కొన్నిటికి అయిదు. అరుదుగా దొరికే బంగారు రంగు గుడ్డుకు పన్నెండు. అంత దూరం నడిస్తే గుడ్డు పగిలి, రెక్కల తొండో మూడు కళ్ల పిచ్చుకో బయటికొస్తుంది. దానితో ఏ ఉపయోగమూ లేదు. కానీ పెంకు పగిలేటప్పుడు టిక్కుమని ఒక చప్పుడొస్తుంది. ఆ చప్పుడు కోసం ముప్ఫై ఆరేళ్ల మనిషిని, నేను సిగ్గు విడిచాను. నా బతుకులో మొదలుపెడితే పూర్తయ్యేది అదొక్కటే అనిపించేది.

చిక్కల్లా నేను నడవకపోవడం. సీటు నుంచి టాయిలెట్‌కు, టాయిలెట్ నుంచి సీటుకు. రోజంతా కలిపినా రెండు కిలోమీటర్లు దాటదు. ఒక మధ్యాహ్నం టాయిలెట్లో అద్దం ముందు నిలబడి, ఫోనును ఉయ్యాలలో పిల్లను ఊపినట్టు ఊపుతున్నాను. అలా ఊపితే అది అడుగులనుకుని మోసపోతుందని రోహిత్ చెప్పాడు. వెనక సత్తెమ్మ బకెట్టుతో నిలబడి ఉంది.

"ఏందమ్మా, ఫోన్‌కు దయ్యం గిన పట్టిందా?"

చూపించాను. ఆమె తడి చెయ్యి కోటుకు తుడుచుకుని, ముఖం దగ్గరగా పెట్టి చూసింది.

"గిది గుడ్డా?"

"గుడ్డే."

"నడుస్తే పిల్లయితదా?"

"నడిస్తేనే అయితది. కూసుంటే కాదు," అన్నాను. ఆ మాట అన్నది నేనే. బాగా గుర్తుంది.

"కోడి కూసుంటె పిల్లలయితయ్. గిదేందో ఉల్టా ఉన్నది." చెయ్యి చాపింది. "నాకియ్యి మల్ల. నేనెట్లయిన తిరుగుడే గద."

మా అంతస్తులో విదేశీ కస్టమర్ల వివరాలుంటాయి కాబట్టి హౌస్‌కీపింగ్ వాళ్లు ఫోన్లు కింద సెక్యూరిటీ దగ్గర ఇచ్చేసి పైకి రావాలి. ఎవరి దగ్గరైనా ఫోను దొరికితే ఆ రోజే ఇంటికి. ఆ రూలు మాత్రం నాకు తెలుసు. తెలిసీ మర్నాడు నా పాత ఫోన్లో నా ఖాతాతోనే ఆట పెట్టి, పొద్దున్నే టాయిలెట్లో ఆమె చేతికిచ్చాను. సత్తెమ్మ దాన్ని బొడ్లో దోపుకునే వక్కల సంచిలో వేసుకుని కోటు సర్దుకుంది. "వెచ్చగ ఉంటది," అంది. వెచ్చదనానికీ దానికీ సంబంధం లేదని నేను చెప్పలేదు. ఆమె అలా అనడం ముద్దుగా అనిపించింది.

వారం రోజులుగా నా దగ్గర కదలకుండా పడి ఉన్న బంగారు గుడ్డు ఆ మధ్యాహ్నం ఒకటిన్నరకు పగిలింది. ఇద్దరం టాయిలెట్లో తల కలిపి చూశాం. మూడు కళ్ల పిచ్చుక.

"ఏం తింటదిది?"

"ఏం తినదు."

"పెద్దగయి గుడ్లు పెడ్తదా?"

"పెట్టదు."

"మల్లెందుకు?"

"పోనియ్, బతికితె సాలు," అని తనే సర్దుకుంది.

ఆ తర్వాత ఆట నాది కాకుండా పోయింది. గూట్లో ఎన్ని పెట్టావని అడిగింది. ఎనిమిదన్నాను. "సరి పెట్టద్దు బిడ్డా. బేసి పెట్టాలె. ఏడన్న పెట్టు, తొమ్మిదన్న పెట్టు." మెట్రో దిగి ఒక ఆకుపచ్చ గుడ్డు ఏరుకొచ్చి తొమ్మిది చేశాను. ఇంకో రోజు సంచిలో ఫోను పక్కన ఒక పిన్నీసు కనిపించింది. ఉరుము ఉరిమితే గుడ్లు చెడిపోతాయట, గంపలో ఇనుము ఉంటే ఏమీ కాదట. ఊళ్లో మేకు పెట్టేదట. ఎయిర్ కండిషన్ గదుల్లో, అద్దాల మధ్య, లేని గుడ్లకు ఇనుము కాపలా పెట్టుకుని ఆమె చెత్తబుట్టలు ఎత్తేది. నాకది ఎంత నచ్చిందంటే, ఇంటికి పోయి మా అమ్మకు చెప్పి నవ్వాను.

పాత ఫోను రోజూ సాయంత్రం ఆమె తిరిగిచ్చేటప్పుడు ఒక అంకె చూపించేది. పద్నాలుగు కిలోమీటర్లు. ఒకరోజు పదిహేను. ఇంచుమించు మా ఆఫీసునుంచి మా ఇంటికి నడిచినంత. ఆ అంకె చూసి ఆ మోకాలి గురించి ఆలోచించాల్సింది. పద్నాలుగంటే ఒక బంగారు గుడ్డు, పైన ఒక చిన్న గుడ్డు అని ఆలోచించాను. లింగమూర్తికి ఆ ముక్క ఎప్పుడు చెప్తావని ఆమె రెండుసార్లు అడిగింది. రేపు చెప్తానని రెండుసార్లు అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే రేపు చెప్దామనుకున్నాను. రేపటికి ఇంకో రేపు ఉండేది.

ఏప్రిల్లో ఆమె సెలవు పెట్టి బస్తీ దవాఖానకు వెళ్లొచ్చింది. ఏమన్నారని అడిగాను.

"గోలీలిచ్చిండ్రు. ఏం పని జేస్తవంటె, ఏసీ ఆఫీసుల అని చెప్పిన. గందుకే ఒళ్లు కదుల్తలేదు, షుగర్ అంచుకొచ్చింది, దినాం అర్ధగంట నడువుమన్నడు డాక్టర్ సారు."

"రోజంత నడుస్తవని చెప్పలేదా?"

"గది నడుసుడెట్లయితది? గది పని గద."

నాకు నవ్వొచ్చింది. నేను నవ్వుతుంటే తనూ నవ్వింది. మర్నాటినుంచి మధ్యాహ్నం నాలుగు ముద్దలు నిలబడే మింగి, మిగిలిన లంచ్ టైమంతా వెనక కారిడార్లో ఈ చివరినుంచి ఆ చివరికి నడవడం మొదలుపెట్టింది. డాక్టరు చెప్పాడు కదా. సంచి ఎలాగూ బొడ్లోనే ఉంది. ఫోన్లో అంకె పదిహేడుకు ఎక్కింది.

"సూపర్ సత్తెమ్మక్కా," అన్నాను నేను. ఆ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు, కానీ అన్నాను. మోకాలికి రాసుకోమని నొప్పుల మలాము ఒకటి కొనిచ్చి, నా బాధ్యత తీరిందనుకున్నాను కూడా.

మే చివర్లో ఒక మధ్యాహ్నం మూడింటికి ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. అద్దాలు అదిరేలా ఉరుములు. మేమంతా పని వదిలేసి కిటికీల దగ్గర చేరి వీడియోలు తీసుకుంటున్నాం. సత్తెమ్మ తుడుపుకర్ర పట్టుకుని నా వెనగ్గా వచ్చి, ఎవరికీ వినపడకుండా, "పిన్నీసున్నది, ఫికర్ చెయ్యకు," అని చెప్పి వెళ్లిపోయింది. అప్పటికి తొంభై మూడు పిల్లలయ్యాయి.

తర్వాత వారం గురువారం పొద్దున ఆట తెరిస్తే తెరుచుకోలేదు. కంపెనీవాళ్లు ఇంగ్లీషులో మర్యాదగా ఒక ఉత్తరం పంపారు. నా ఖాతాలో ఉన్న నడక మనిషి నడకలా లేదట. రోజుకు తొమ్మిది గంటలు, ఒకే చోట, మధ్యలో ఒక్కసారి కూడా పట్టుమని పది నిమిషాలు ఆగకుండా నడిచినట్టుందట. మనుషులు మధ్యమధ్య ఆగుతారట. కాబట్టి ఫోనును ఏదో యంత్రానికి కట్టి ఊపుతున్నానని వాళ్లు తేల్చారు. గుడ్లూ పిల్లలూ అన్నీ తీసేశారు. నడిచింది మనిషేనని రుజువు చూపిస్తే మళ్లీ ఇస్తారట.

ఒళ్లు మండిపోయింది. మూడు నెలల గుడ్లు! ఆగకపోవడమేమిటి, టీకి పది నిమిషాలు ఆగుతుంది కదా, వీళ్ల లెక్కే తప్పు అనుకున్నాను. తప్పులు పట్టేదాన్ని కదా, తప్పు వాళ్లదేనని నాకు వెంటనే తోచింది. ఆ చికాకుతోనే లిఫ్టు దగ్గరికి వెళ్తే లింగమూర్తి ఎదురయ్యాడు. చేతిలో జూన్ డ్యూటీ కాగితం. అప్పుడు గుర్తొచ్చింది. ఆగి, రేణుక చోట సత్తెమ్మను వేస్తే బాగుంటుందన్నాను.

"అయ్యో మేడం, నిన్ననే ఫైనల్ చేసినం. వసంతను వేసిన. సోమవారంనుంచి."

"సత్తెమ్మకు మోకాలు బాగాలేదు లింగమూర్తిగారూ."

"ఎవలికి, సత్తెమ్మకా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "వసంతంటె పది నిమిషాలకోసారి నడుం పట్టుకోని మెట్ల మీద కూలవడ్తది, నేనే చూసిన. సత్తెమ్మ ఎన్నడన్న కూసున్నదా మేడం? మూడు నెల్లసంది కెమెరాల చూస్తున్న. టీ బ్రేకుల గూడ తిరుగుతనే ఉంటది. అన్నం తినంగనే వాకింగ్ చేస్తది! గసుంటి మనిషిని తీస్కపోయి స్టూలు మీద కూసోవెడితే ఫ్లోరెవలు చూడాలె?"

అతను మెచ్చుకుంటున్నాడు. గొంతులో ఎక్కడా కపటం లేదు. టీ బ్రేకులో కూడా తిరుగుతుంది అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. పొద్దున ఉత్తరంలో ఉన్నదీ అదే. ఒక యంత్రమూ ఒక సూపర్‌వైజరూ చూసిన సంగతి నేను చూడలేదు. ఎందుకు తిరుగుతోందో మాత్రం అప్పటికీ అర్థం కాలేదు.

మూడింటికి వెనక మెట్ల దగ్గరికి వెళ్లాను. హౌస్‌కీపింగ్ వాళ్లు టీ తాగే చోటు అదే. తక్కిన ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఊదుకుంటూ తాగుతున్నారు. నన్ను చూసి కప్పులు పట్టుకుని కిందికి దిగిపోయారు. సత్తెమ్మ కాగితం కప్పు చేత పట్టుకుని ఆ ఇరుకు చోటులోనే గోడనుంచి గోడకు తిరుగుతోంది. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. కుడికాలు నేలకు ఆనించినప్పుడల్లా టీ తొణుకుతోంది.

స్టూలు సంగతి ముందు చెప్పాను. ఆమె అడుగు ఆగలేదు.

"వసంతకా. పోనియ్ తియ్. దాని నడుం గూడ మంచిగ లేదు." రెండు గుక్కలు తాగింది. "నువ్వు చెప్పినవా?"

"ఇయ్యాలనే చెప్పిన. అప్పటికే అయిపోయింది."

సంచి ముడి విప్పి ఫోను తీసింది. "గా బంగారు గుడ్డు ఎంతకొచ్చిందో చూడు. రేపటికి అయితదనుకుంట."

"ఇంక లేవక్కా. ఆట బందయిపోయింది. గుడ్లన్నీ పోయినయ్."

అప్పుడు ఆగింది. స్టూలు పోయిందంటే ఆగని మనిషి ఆగి నా ముఖంలోకి చూసింది.

"మురిగినయా?"

"మురుగుడు కాదు..."

"అన్నీనా? తొమ్మిదీనా?"

తలూపాను. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు భయం వేసింది.

"నాదే తప్పు బిడ్డా. నీకు చెప్పలే. మొన్న ఉరుములొచ్చిన దినం కాలు నాతోని కాలే. గీ మెట్టు మీద జరసేపు కూసున్న. రెండు నిమిషాలే. గంతలనే సల్లారినయో ఏమో."

"కూసుంటే ఏమైతది అక్కా?"

"నువ్వే అంటివి గద. నడిస్తేనే అయితది, కూసుంటే కాదని." నాకు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "కోడి నడుమల లేచిపోతె గుడ్లు సల్లారి మురుగుతయ్. గిది ఉల్టా గుడ్డు. కూసుంటె మురుగుతది అనుకుంటి. గందుకే ఇన్ని దినాలు చాయ గూడ తిరుక్కుంటనే తాగిన. ఒకలు నమ్మి అప్పజెప్పిన గుడ్లు గద."

మూడు నెలలు. ఆ మోకాలితో. రోజుకు దొరికే ఆ పది నిమిషాలు, ఆమెకు కూర్చునే హక్కున్న ఆ కాస్త సేపు, బొమ్మ గుడ్ల కోసం నేను లాక్కున్నాను. ఆమె కూర్చోకపోవడం చూసే ఆమెకు కాళ్లు బాగున్నాయనుకుని స్టూలు ఇంకొకరికిచ్చారు.

"మురగవక్కా," అన్నాను. "కూసుంటే ఏం కాదు. నడక యాడ ఆగితే లెక్క గాడనే ఆగుతది. మల్ల లేచి నడిస్తే గాన్నుంచే మొదలయితది. పది దినాలు కూసున్నా ఏం కాదు. నువ్వు కూసున్నందుకు పోలేదు. నువ్వు కూసోనందుకే పోయినయ్."

ఆ చివరి మాట ఆమెకు అర్థమైందో లేదో తెలియదు. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును.

"గా ముచ్చట ముందుగాలనే చెప్పాలె గద బిడ్డా."

అంతే అంది. లింగమూర్తికి అంతా చెప్పేస్తాను, తప్పు నాదని చెప్తాను, కాగితం మార్పిస్తాను అని ఏవేవో అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఫోన్ ముచ్చట చెప్తవా? చెప్తే చీపురు గూడ గుంజుకుంటరు."

ఫోను నా చేతిలో పెట్టింది. సంచిలోంచి పిన్నీసు తీసి, మెళ్లో పుస్తెలతాడుకు తగిలించుకుంది. కప్పులో మిగిలిన చల్లటి టీ ఒక్క గుక్కలో తాగేసి, గోడకు చెయ్యి ఆనించి, కుడికాలు ముందుకు చాపుకుంటూ, అమ్మా అని మూలుగుతూ మెట్టు మీద కూర్చుంది. కూర్చున్నాక కళ్లు మూసుకుంది.

"టైమెంతయింది బిడ్డా?"

"మూడూ ఏడు."

"ఇంక మూడు నిమిషాలున్నయ్," అంది.